మొక్కు సెలవు

సెలవు చీటీలో నేను రాసింది ఒక్కటే వాక్యం. స్వంత వైద్య అవసరం మీద మూడు రోజులు సెలవు ఇప్పించగలరు, అని. మా బడి పెద్దసారు దాన్ని చదివి, కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు. తర్వాత చీటీని బల్ల మీద నా వైపు నెట్టారు.

"ఇట్లా రాస్తే ఎట్లా మేడమ్? వైద్యం అంటే ఏం వైద్యం?"

"స్వంతం అని రాశాను కద సార్."

"స్వంతం అంటే పైవాళ్ళు ఊరుకుంటరా? జ్వరమా, నొప్పా, ఆపరేషనా, ఏదో ఒకటి ఉండాలి. డాక్టర్ సర్టిఫికెట్ పెట్టాలి. నేను దాన్ని పైకి పంపాలి."

ఆయన గదికి పూర్తి గోడ లేదు. నడుమెత్తు గోడకు అవతల బియ్యం బస్తాలు, వాటి పక్కన వంటగది. అక్కడ ఏది మాట్లాడినా సాంబారులో పోపు పడేలోపు బడంతా తెలిసిపోతుంది. 

చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల అది. పై తరగతులకు నేను సైన్సు చెప్పేదాన్ని. కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి జూన్‌లో కొత్తగా ఉత్తర్వు రావాలి. వచ్చేదాకా బడి తెరిచినా మనం ఉన్నట్టు కాదు. నేను చేరకముందు అక్కడ హిందీ చెప్పే ఆవిడకు క్షయ వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పి, మందులు వాడుకుని, తగ్గించుకుని వచ్చింది. జూన్‌లో ఆమె పేరు మీద ఉత్తర్వు రాలేదు. రోగం వల్ల అని ఎవరూ అనలేదు, కాగితం మీద ఎక్కడా లేదు. కానీ పిల్లలతో సహా అందరికీ తెలుసు.

నాకు ఎడమ రొమ్ములో, చంక వైపు, గడ్డ. మొదట శనగ గింజంత ఉండి, వానలు మొదలయ్యేసరికి ఉసిరికాయంత అయింది. నొప్పి లేదు. భద్రాచలంలో ఒక లేడీ డాక్టరు దాన్ని వేళ్ళతో నొక్కి చూసి, నా ముఖం వైపు చూడకుండా గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. "హైదరాబాదు పోవాలె. ఆలస్యం చెయ్యొద్దు. మీకు అక్కడెవరన్న ఉన్నరా?" అంది. చెల్లెలు ఉంది, ఒక కంపెనీలో పని చేసుకుంటూ ఒక గది కిరాయికి తీసుకుని.

సిగ్గుపడి చెప్పలేదని ఎవరైనా అనుకుంటే పొరబాటు. ఆడదాని ఒంట్లో దాచుకోవాల్సిన భాగమంటూ ఏదీ లేదని చిన్న పత్రికల్లో రాసి, ఉత్తరాల్లో తిట్లు తిన్నదాన్ని. నేను అడిగింది వేరే. నా ఒంటికీ డాక్టరుకూ మధ్య ఉన్న సంగతి తెలుసుకునే హక్కు వంటగదికి ఎందుకుండాలి? బియ్యం బస్తాల మీద కూర్చుని నా రొమ్ము గురించి నలుగురు చర్చించి, పిల్లలకు అంటుకుంటుందేమోనని తేల్చి, జూన్‌లో నా అన్నం తీసెయ్యాలా?

పెద్దసారు గొంతు తగ్గించారు.

"ఒక మాట చెప్తా, కోపం చేసుకోకండి. వైద్యం అని రాయొద్దు. మొక్కు అని రాయండి."

ఆ బడిలో ఒక ఆచారం ఉండేది. ఏ నిబంధనల పుస్తకంలోనూ లేని సెలవు అది. ఎవరైనా మొక్కు తీర్చుకోవడానికి పోతున్నామంటే, ఏ దేవుడు, ఏం మొక్కు అని ఎవరూ అడగరు. అడిగితే మొక్కు బలం పోతుందని నమ్మకం. మొక్కుకు పోయినవాళ్ళ పాఠాలు మిగతావాళ్ళు పంచుకుంటారు, హాస్టల్ డ్యూటీ చేస్తారు, సెలవు లెక్కలో రాయరు. పుణ్యంలో భాగం వస్తుందని చేస్తారు. తిరిగొచ్చేటప్పుడు ప్రసాదం తెస్తే చాలు. దేవుడి దగ్గరికి పోతే ప్రశ్న లేదు. డాక్టరు దగ్గరికి పోతే విచారణ.

ఆ సలహా ఇస్తున్నప్పుడు పెద్దసారు పెదవి చివర చిన్న నవ్వు ఉంది. దానికి కారణం నాకు తెలుసు. అంతకుముందు ఏడాది పదో తరగతి హాల్‌టికెట్లను గుడిలో దేవుడి పాదాల దగ్గర పెట్టిస్తామంటే నేను అడ్డం తిరిగాను. హాల్‌టికెట్లకు కాదు, పిల్లలకు లెక్కలు రావాలి అన్నాను. పూనకాల మీద, చేతబడి మీద పిల్లలకు పాఠం చెప్పాను. నేను పెరిగింది ముదిగొండ దగ్గర. మా నాన్న ప్రతి ఆదివారం ఖమ్మంలో ఒక పఠన మందిరానికి తీసుకుపోయేవాడు. అక్కడ వాదాలు జరిగేవి. దేవుడు, కులం, వితంతు వివాహం, శాస్త్రం. మన పక్షం ముందు చెప్పి, తర్వాత ఎదుటి పక్షాన్ని కూడా మనమే చెప్పాలి, అదీ అక్కడి పద్ధతి. ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పలేకపోతే వాడిని ఓడించలేవని నాన్న అనేవాడు. అట్లా పెరిగిన నన్ను, ఒక గుమాస్తా పద్ధతి మొక్కు వైపు తోసింది.

"చివరికి మీక్కూడా దేవుడే దిక్కయిండు" అన్నారు పెద్దసారు. హేళన తక్కువ, స్నేహమే ఎక్కువ. అదే నన్ను ఎక్కువ మండించింది.

నేను చీటీ చింపి కొత్తది రాశాను. తిరుపతి మొక్కు. చర్ల నుంచి తిరుపతికి పోయి రావాలంటే నాలుగు రోజులు ఎవరూ లెక్క అడగరు. హైదరాబాదుకు అది సరిపోతుంది.

పరీక్షలు చేశారు. డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు. దసరా సెలవుల్లో ఆపరేషన్ అయింది. బడి తెరిచేనాటికి ఎడమ వైపు దూది కూరిన బట్ట కట్టుకుని, పైట ఎప్పటికంటే ఎక్కువ మడతలు పెట్టుకుని నల్లబల్ల ముందు నిలబడ్డాను. ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు. కుడి చెయ్యి ఎత్తినా కుట్లు లాగేవి, అందుకని బల్ల పై భాగంలో గీయాల్సిన బొమ్మలన్నీ ఎత్తుపీట వేసుకుని గీశాను. సెలవుల్లో జారిపడ్డానని చెప్పాను. అందరూ నమ్మారు.

తర్వాత కీమో. మూడు వారాలకోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తారు. ప్రతిసారీ కనీసం మూడు రోజులు కావాలి. దానికీ పెద్దసారే దారి చెప్పారు. "ఏడు దర్శనాల మొక్కు అని చెప్పండి మేడమ్. మా మధిర వైపు చాలామంది మొక్కుకుంటరు. ఎన్నిసార్లు పోయినా ఎవరూ ఏమనరు." ఏం జబ్బని ఆయన అడగలేదు. తెలుసుకుంటే పైకి రాయాల్సి వస్తుందని ఆయన భయం. ఆ మనిషి చెడ్డవాడు కాదు. అటువంటి మంచితనం మీదే ఈ దేశంలో అన్ని అబద్ధాలూ నడుస్తున్నాయి.

ఒకసారి ఖమ్మంలో స్కానింగ్ చేయించుకోవడానికి ఆగాను. వరసలో నా ముందు బెంచీ మీద మా లెక్కల సారు కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ వారం వేములవాడ మొక్కు మీద పోయిన మనిషి. ఇద్దరం ఒకరి చేతిలో కవరు ఒకరం చూసుకున్నాం. ముందు ఆయనే తేరుకున్నాడు.

"దర్శనం బాగయిందా మేడమ్?"

"బాగయింది సార్. మీకు?"

"రద్దీ ఎక్కువుంది. ఇంకా లోపలికి పిలువలే."

నవ్వుకున్నాం.  మా బడిలో అంత భక్తి ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ఎవరి మొక్కు వెనక ఏ మూలశంక ఉందో, ఏ గర్భసంచి ఉందో, ఏ గుండె దడ ఉందో. ఒక్కో దేవుడి కింద ఒక్కో రోగం దాక్కుని ఉంది. బయటినుంచి చూసేవాడు మాత్రం ఎంత పుణ్యాత్ముల బడి అనుకుంటాడు.

మొదటి కీమోకు పోయే ముందు రోజు వంటామె నా గదికి వచ్చింది. నాకంటే పెద్దది, నేను అక్కా అనేదాన్ని. బడి వెనకున్న గూడెంలోనే ఆమె ఇల్లు. పసుపు రాసిన గుడ్డలో ముడి వేసిన నాణేలు నా చేతిలో పెట్టింది.

"నా బిడ్డ పేరు మీద ముడుపు మేడమ్. కొండ మీద హుండీల వెయ్యుండ్రి. మళ్ల నేనెప్పుడు పోత, ఆ రైళ్లు, ఆ లైన్లు."

ఆమె కూతురికి మూర్ఛ. నేను ఆమెకు చాలాసార్లు చెప్పాను, దవాఖానాకు తీసుకుపొమ్మని. ఆమె మూర్ఖురాలేం కాదు. తీసుకుపోయింది.

"గోళీలు వేసినన్ని రోజులు మంచిగనే ఉంటది మేడమ్. అయిపోతే సర్కారు దవాఖానల లేవంటరు. మళ్ల వస్తది. ఇగ నేనేం చెయ్యాలె?"

ముడుపు తీసుకోనంటే నేను తిరుపతి పోవడం లేదని తేలిపోతుంది. తీసుకున్నాను. నమ్మకం నాది కాకపోయినా సొత్తు ఆమెది, దాన్ని పారెయ్యలేను. నాకు సెలైన్ ఎక్కుతుండగా చెల్లెలు పోయి, నగరంలో అదే దేవుడి గుడి హుండీలో తన చేత్తో వేసి వచ్చింది. అక్కడే వారాంతాల్లో తిరుపతి లడ్డూలు అమ్ముతారు. వరసలో నిలబడి అవీ తెచ్చింది. బడిలో అందరూ ఆ లడ్డూలను కళ్ళకద్దుకున్నారు. నాకు మందు వల్ల ఆ వాసనకే కడుపులో తిప్పింది. ఉపవాసాల నీరసం అనుకుని వంటామె మజ్జిగ తెచ్చిచ్చింది.

రెండోసారి పోయినప్పుడు దువ్వెనలో కుచ్చులు కుచ్చులుగా జుట్టు వచ్చింది. పూర్తిగా ఊడేదాకా చూడలేక, హాస్పిటల్ దగ్గర సందులో మంగలి దుకాణంలో గుండు చేయించుకున్నాను. దాన్ని ఎట్లా చెప్పుకోవాలా అని బస్సులో భద్రాచలం దాకా మథనపడ్డాను. చెప్పుకునే అవసరమే రాలేదు. తలకు కట్టుకున్న చీరకొంగు జారగానే పిల్లలు చుట్టూ మూగారు. పెద్దసారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఆ చేతులు మొదట ఆచారంగా లేచాయి. నా కనుబొమలు కూడా పల్చబడ్డాయని చూసిన తర్వాత అవి కిందికి దిగడం మర్చిపోయాయి. ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. 

వంటామె నా తల మీద చెయ్యి పెట్టి నిమిరింది. "తలనీలాలు ఇచ్చిన్రు. మీరు నమ్మరు నమ్మరు అని అందరం అనుకుంటిమి మేడమ్. ఇయ్యాల మస్తు సంతోషం."

ఎన్ని వ్యాసాలు రాశాను. ఎన్ని వేదికల మీద గొంతు చించుకున్నాను. ఆ ప్రాంతంలో నాకు దొరికిన గౌరవమంతా ఒక మందు నా జుట్టు రాల్చినందుకు దొరికింది. ఆ శీతాకాలమంతా గూడెం ఆడవాళ్ళు నన్ను చూస్తే పక్కకు జరిగి దారి ఇచ్చారు.

ఫిబ్రవరికి కీమో అయిపోయింది. తర్వాత రేడియేషన్, కరెంటు పెట్టడం అంటారు మనవాళ్ళు. వారానికి ఐదు రోజులు, నెలకు పైగా, ఒక్కరోజూ తప్పకుండా పోవాలి. హైదరాబాదులోనే ఉండాలి. వేసవి సెలవుల దాకా ఆగవచ్చా అని డాక్టరును అడిగాను. "ఆగితే ఇప్పటిదాకా చేసింది ఎందుకమ్మా?" అన్నాడు. మార్చి నెల. పదో తరగతి పరీక్షలు. నెల రోజులు పట్టే దర్శనం ఏ దేవుడికీ లేదు. దీక్షలున్నాయి, కానీ దీక్షలో ఉన్నవాళ్ళు కూడా బడికి వచ్చి సంతకం పెడతారు. మొక్కులు అక్కడితో అయిపోయాయి.

ఈసారి నిజం రాశాను. రోగం పేరు, వైద్యం పేరు, ఎన్నాళ్ళు పడుతుందో, డాక్టరు ఇచ్చిన కాగితం. పెద్దసారు చదువుతున్నంతసేపూ ఆయన వేలు చీటీ అంచును మడుస్తూనే ఉంది.

"ఇది పైకి పోతది మేడమ్."

"పోనివ్వండి సార్."

"జూన్‌లో..."

"తెలుసు సార్."

"ఇంకేదన్నా రాద్దామా? మీ చెల్లెలికి బాగలేదని..."

"నా పేరు మీదే రాయండి సార్. ఆ రోగం నాది."

ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాను. నడుమెత్తు గోడ అవతల గరిటె చప్పుడు ఆగింది. నేను బస్సెక్కేలోపు పిల్లలకు కూడా తెలిసిపోయింది. ఎవరూ ఎదురు రాలేదు. ముడుపు ఎవరూ ఇవ్వలేదు.

జూన్‌లో ఉత్తర్వు రాలేదు. ట్రంకుపెట్టె తెచ్చుకోవడానికి పోయాను. నా తరగతి గదిలోంచి కొత్త టీచర్ గొంతు వినిపిస్తోంది, కిరణజన్య సంయోగక్రియ చెబుతోంది, బాగానే చెబుతోంది. పెద్దసారు నాకు కుర్చీ వేయించారు. తాను పైకి మంచిగానే రాశానని, పైవాళ్ళు వినలేదని అన్నారు. నిజమే అయి ఉంటుంది. తర్వాత, "మొక్కు అనే ఉంచుకుంటే ఎట్లనో చూసుకునేవాళ్ళం" అన్నారు.

వంటగదిలోకి పోయాను. అక్క గుమ్మడికాయ కోస్తోంది. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"తిరుపతికి పోనే పోలేదట గద మేడమ్."

"పోలేదక్కా. దవాఖానాకు పోయిన."

"మరి గుండు?"

"మందులకు ఊడుతుంటే తీయించుకున్న."

ఆమె ముక్కలు కోస్తూనే ఉంది. "దేవుని పేరు చెప్పి దవాఖానాల గుండు చేయించుకుంటే ఆయన ఊకుంటడా? గందుకే గద గిసొంటి రోగమొచ్చింది."

"అక్కా, రోగం ముందొచ్చింది. మొక్కు అని చెప్పింది తర్వాత. ముందొచ్చినదానికి తర్వాత చేసింది ఎట్ల కారణమైతది?"

ఇది పఠన మందిరంలో నేర్చుకున్న మొదటి పాఠం. కార్యానికి ముందు కారణం ఉండాలి. దీనికి ఎదుటి పక్షం లేదనుకునేదాన్ని.

"దేవునికి ముందేంది, ఎనకేంది మేడమ్? రేపు నువ్వేం చేస్తవో ఆయనకు ఇయ్యాలనే తెల్వదా?"

 ఎదుటి పక్షాన్ని ఆమె నాకంటే బాగా చెప్పింది.

"నా ముడుపు ఏడ వేసిన్రు?" అంది, తల ఎత్తకుండా.

"హైదరాబాదు గుడిల. మా చెల్లె తన చేత్తోనే వేసింది."

"కొండ మీద కాదా?"

"అదే దేవుడక్కా. ఆడ ఉన్నది గూడ ఆయనే గద."

నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. అక్క మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు, నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నట్టే అడిగింది.

"నీకెట్ల తెలుసు మేడమ్? నువ్వు నమ్మవు గద."

పొయ్యి మీద పప్పు పొంగితే లేచి మూత తీసింది. ఎండాకాలంలో బిడ్డకు మళ్ళీ మూర్ఛ వచ్చిందని అప్పుడు చెప్పింది. పొయ్యి దగ్గర ఉన్నప్పుడే వచ్చిందట. చెయ్యి కాలింది, వేళ్ళు రెండు అతుక్కుపోయాయి. గోళీలు అప్పటికే అయిపోయి ఉన్నాయి.

"ఇగ నేనే పోవాలె కొండకు. పెద్దసార్‌ను అడిగిన. మొక్కు అంటె ఇస్తా అన్నడు, నాలుగు రోజులు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. పక్కన కూర్చున్నాను. "అక్కా, ఆ నాలుగు రోజులు బిడ్డను హైదరాబాదు తోల్కరా. మా చెల్లె గదిల ఉండొచ్చు. నేను వెంట ఉంట. మూర్ఛకు మంచి డాక్టర్లున్నరు. మందులు ఎప్పటికీ అయిపోకుండ నేను పంపిస్త. చెయ్యి గూడ చూపిద్దాం."

ఆమె వింది. నేను చెప్పింది అర్థం కాక కాదు. చేతులు కడుక్కుని, నాకు కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి, ముందు పెట్టింది.

"దేవుని పేరు చెప్పి దవాఖానాకా?" అంది మెల్లగా. "వద్దు బిడ్డా. నిన్ను చూస్తనే ఉన్న గద."

తర్వాత, బస్సుకు ఇంకా టైముంది తిను, అంది. తిన్నాను.